ఓడ గవరయ్య ముందు గుక్క

అనగనగా, మీ తాతల తాతలకి పాలపళ్ళయినా రాని రోజుల్లో, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఉప్పుమొగ అని ఒక ఊరుండేది. ఇప్పుడూ ఉంది. కావాలంటే వెళ్ళి చూసి రండి. వెళితే మాత్రం అక్కడ ఎవరింట్లోనూ కడుపునొప్పి అనకండి. ఎందుకనకూడదో కథ చివర మీకే తెలుస్తుంది.

ఆ ఊళ్ళో అందరూ వలలవాళ్ళే. వాళ్ళకొక కట్టుబాటుంది. పైనుంచి వచ్చినవాడెవడైనా ఊళ్ళో ఉండిపోవాలంటే, గంగమ్మ జాతర రోజున ఊరంతా కూడిన చోట ముగ్గురు లేచి "ఈడు మావోడు" అనాలి. ఒకరంటే చాలదు. ఇద్దరంటే చాలదు. ముగ్గురూ అనాలి. అనకపోతే వచ్చినవాడు వచ్చిన దారినే పోవాలి.

ఆ ఊరికి సముద్రం దారిన వచ్చాడు గవరయ్య.

ఓడ మొగ దగ్గర ఇసకదిబ్బకి తగిలి రెండు ముక్కలైంది. గవరయ్య తన మందులపెట్టె మీద బోర్లా పడుకుని, మెడకి ఓడగంట కట్టుకుని, అలల మీద ఊగుతూ ఒడ్డుకొచ్చాడు. అలొచ్చినప్పుడల్లా గంట గణగణమంటుంటే ఎవరి గేదో కొట్టుకుపోతోందనుకుని ఊరివాళ్ళు తాళ్ళు పట్టుకుని పరిగెత్తారు. తీరా లాగి చూస్తే గేదె కాదు, బక్కపలచటి మనిషి. "గంటెందుకు కట్టుకున్నావురా?" అని అడిగితే, "మునిగినా ఎక్కడ మునిగానో తెలియాలి కదా" అన్నాడు. తక్కిన ఓడవాళ్ళంతా బతికి బట్టకట్టి, వేరే ఓడలెక్కి వెళ్ళిపోయారు. గవరయ్య వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో చెబుతాను. గవరయ్య పుట్టింది మంగలి ఇంట్లో. మీసం రాకముందే ఓడెక్కాడు. ఓడవాళ్ళ గడ్డాలు గీస్తూ గీస్తూ, ఒక పరదేశి వైద్యుడి దగ్గర కోతలూ కట్లూ నేర్చుకుని, తనే ఓడ వైద్యుడయ్యాడు. ఓడ మీద ఎవరైనా పోతే గోనెలో పెట్టి కుట్టి, సముద్రంలోకి జారవిడుస్తారు. కుట్టే పని కూడా వైద్యుడిదే. ఎన్ని గోనెలు కుట్టాడో పాపం! కుట్టిన ప్రతిసారీ, నా గోనె ఎవడు కుడతాడో, ఏ చేప తింటుందో అని అతని గుండె నీరైపోయేది. నేల మీద చావాలి, చచ్చాక తనని తలుచుకుని నవ్వేవాడో తిట్టేవాడో ఒకడుండాలి. గవరయ్య కోరుకున్నది అంతే. అందుకే ఇసక మీద కాలు పెట్టగానే వంగి ఇంత ఇసక పిడికిట పట్టుకున్నాడు, మళ్ళీ వదిలితే ఒట్టు.

ఊరి పెద్ద పేరు దాలయ్య. తలుపులోంచి వంగి రావలసినంత పొడుగు. ఆ మధ్య నుంచి దాలయ్య కూర్చోవడం మానేశాడు. తిన్నా నిలబడే, తగువు తీర్చినా నిలబడే. "ఊరికి పెద్దన్నాక కూకుంటే ఎలాగర్రా?" అనేవాడు. ఊరివాళ్ళు ఎంత పెద్దమనిషో అని మురిసిపోయారు. అసలు సంగతి వేరు. అది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

"ఏటయ్యా, నీ పనేటి?" అని అడిగాడు దాలయ్య.

"వైద్యం బాబూ. కషాయాలు, కట్లు, కోతలు."

కోతలనగానే దాలయ్య అంత మనిషీ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా ఊర్లో కోతలు సేపలకే. జాతర దాకా ఉండు. ముగ్గురు మావోడంటే ఉందువు గాని. అనకపోతే ఆ రోజు ఏ ఓడ కనిపిస్తే ఆ ఓడెక్కీ" అన్నాడు.

సరే అన్నాడు గవరయ్య. ఒడ్డున వలలు ఆరేసే పాకలో పెట్టె దించుకున్నాడు.

మొట్టమొదట అతని దగ్గరికి వచ్చింది కన్నెమ్మ. దాలయ్యని కన్నతల్లి. ఆవిడ నోటికి ఊరంతా జడిసేది. ఆవిడ కడుపు ఒక్కటే ఆవిడ మాట వినేది కాదు. అప్పటికి కొన్నాళ్ళుగా బిగుసుకుపోయి ఉంది. గవరయ్య సునాముఖి ఆకు, శొంఠి వేసి కషాయం కాచి, పైన ఇంత ఆముదం పోసి ముంతతో ఇచ్చాడు.

కన్నెమ్మ ముంతలోకి చూసింది, గవరయ్య మొహంలోకి చూసింది. "ఇందులో ఏటి కలిపినావో నాకేటి తెలుసు?"

"ముందు నేను, తరవాత నువ్వు" అన్నాడు గవరయ్య. అని ఒక నిండు గుక్క తాగాడు. మొహం నలిపి పారేసిన గుడ్డలా అయిపోయింది.

అది ఓడ ఆచారం. వెనకటికి ఆ ఓడలో ఒక వైద్యుడు దగ్గుకని ఏదో మందిస్తే, తాగినవాళ్ళంతా గుర్రుపెట్టి నిద్రపోయారట. చుక్కాని పట్టేవాడు లేక ఓడ రేవు దాటి ఎక్కడికో పోయిందట. అప్పట్నుంచి ఓడ నడిపే సరంగు ఒక కట్టుబాటు పెట్టాడు. మందు ముందు వైద్యుడు తాగాలి. కత్తి ముందు వైద్యుడికి తగలాలి. ఆ తరవాతే ఎవరికైనా. ఇక చూసుకోండి, ఒకడికి జ్వరమొస్తే గవరయ్యకి చెమటలు పట్టేవి, ఇంకొకడికి అజీర్తి చేస్తే గవరయ్యకి వాంతులయ్యేవి. ఆ ఓడలో అందరికన్నా ఎక్కువ జబ్బుపడింది వైద్యుడే. నేల మీద సరంగు లేడు, కట్టుబాటూ లేదు. అయినా ఆ అలవాటు గవరయ్యని వదల్లేదు.

మందు తాగిన కన్నెమ్మ పాక ముందు కూలబడి, ఊళ్ళో కోడళ్ళందరినీ వరసపెట్టి తిట్టడం మొదలెట్టింది. మూడో కోడలి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మాట ఆగిపోయింది. గవరయ్య మొహం కూడా మారిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ముందు నేను!" అని కేకేసి గవరయ్య కాళ్ళకి బుద్ధి చెప్పాడు. కన్నెమ్మ కోక ఎత్తి దోపుకుని వెనకాలే పరిగెత్తింది. అతను సరుగుడు మొక్కల్లోకి, ఆవిడ దిబ్బ అవతలికి. ఎన్నాళ్ళుగానో కర్ర లేకుండా నడవని ముసలమ్మ అలా దూసుకుపోతుంటే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

సాయంత్రానికి కన్నెమ్మ తేలిగ్గా నవ్వుతూ వచ్చింది. గవరయ్య ఇంకా తేరుకోలేదు, పాక గుంజకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడ గంజి తెచ్చి అతని ముందు పెట్టింది. "వైద్దులు మందిచ్చి ఇంటికి పోతారు. నాతోపాటు పరిగెత్తినోడిని నిన్నే సూసినాను. నాయనా, నువ్వు నావోడివిరా" అంది.

ఒకరయ్యారు.

ఇక రెండోది పిల్లల సంగతి. గవరయ్యకి ఓడ అలవాటు పోక, పొద్దున్నే ఓడగంట కొట్టేవాడు. గంట వింటే పిల్లలు ఆగుతారా? పొలోమని వచ్చి చుట్టూ మూగేవారు. ఊరికే మూగితే ఏం లాభమని, తడి ఇసక మీద వేలితో అక్షరాలు రాయించడం మొదలెట్టాడు. ఉప్పుమొగ బడికి గోడల్లేవు, పలకల్లేవు. రాసింది అలొచ్చి చెరిపేసేది. చెరిపితే మళ్ళీ రాయి అనేవాడు. సముద్రానికి విసుగులేదు, నీకెందుకు అనేవాడు.

దాలయ్య వచ్చి నిలబడి చూశాడు. నిలబడే చూశాడు లెండి. "అచ్చరాలు సేపలకేటి పని సేస్తాయయ్యా?" అన్నాడు.

"చేపలకి అక్కర్లేదు బాబూ. పట్టేవాళ్ళకి అక్కరకొస్తాయి."

దాలయ్య కోపంగా గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

బడన్నాక తప్పులుంటాయి, తప్పులకి దండనలుంటాయి. ఆ రోజుల్లో బళ్ళలో గుంజీలు తీయించేవారు, గోడకుర్చీ వేయించేవారు, మరీ మొండి పిల్లల్ని దూలానికి తాడు కట్టి చేతులతో వేలాడదీసేవారు. దాన్ని కోదండం అనేవారు. గోడ లేక గోడకుర్చీ తప్ప, గవరయ్య కూడా ఇవన్నీ పెట్టాడు. అయితే ఆయన మందు ఏదైనా ఒకటే పద్ధతి. ముందు నేను, తరవాత నువ్వు.

ఈ కిటుకు పోలమ్మ కనిపెట్టింది. పోలమ్మంటే ఎండుచేపలమ్మే ఎర్రమ్మ కూతురు, గడుగ్గాయి. తను తప్పుచేస్తే అయ్యోరు ముందు గుంజీలు తీస్తాడని దానికి తెలిసిపోయింది. అది తెలిశాక బళ్ళో తప్పు చేయని పిల్ల ఉంటే ఒట్టు. ఒకడు అక్షరం తలకిందులుగా రాసేవాడు, ఒకడు పక్కవాడి మొలతాడు లాగేవాడు, అందరూ వరసగా నిలబడి అయ్యోరు గుంజీలు తీస్తుంటే చప్పట్లు కొట్టేవారు. గవరయ్యకి తొడలు పట్టేసి, నడుం పట్టేసి, రాత్రుళ్ళు తన నూనె తనే రాసుకునేవాడు. అయినా పద్ధతి తప్పలేదు.

ఒకనాడు పోలమ్మ ఎండ్రకాయ తెచ్చి మందులపెట్టెలో వేసింది. అది గవరయ్య వేలు పట్టుకుంది. ఇక లాభం లేదు, ఈ తప్పుకి కోదండమే అన్నాడు. పాకలో దూలానికి తాడేయించి, ముందు నేను అంటూ తనే పట్టుకుని వేలాడాడు. ఊరికే పట్టుకుంటే జారిపోతానేమోనని మణికట్లకి ముడులు కూడా వేయించుకున్నాడు. ముడులేసింది పోలమ్మే. అది ముడి వేస్తే వల ముడే, ఊడదు. సరిగ్గా అప్పుడే ఒడ్డున కేకలు వినిపించాయి. "మంద పడిందర్రోయ్! వల లాగాలి రండర్రోయ్!"

పిల్లలంతా పరిగెత్తారు. అయ్యోరు వేలాడుతూ ఉండిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఎర్రమ్మ గంప కోసం పాకలోకి వచ్చింది. పైకి చూసింది. "ఏటయ్యోరూ, నిన్ను కూడా ఎండబెట్టేసినారేటి?" అంది.

"తప్పు నీ కూతురిదమ్మా. ముందు నేను, తరవాత ఆ పిల్ల. నన్ను దించితే దాని వంతు వస్తుంది" అన్నాడు గవరయ్య, నాలుక పిడచగట్టుకుపోతుంటే.

ఎర్రమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే చేపలకత్తితో తాడు కోసింది. కోసి, ఆ మణికట్ల మీద కమిలిపోయిన ఎర్రటి చారలు చూసింది. అప్పుడింక ఆవిడకి నవ్వు రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నా పిల్ల తప్పుకి దాని బాబు కూడా ఇంతలేసి పడలేదయ్యా" అంది. ఆ రోజు నుంచి పోలమ్మ తప్పు చేయలేదు, ఇంకెవరినీ చేయనివ్వలేదు. ఎవడైనా అల్లరికి దిగితే చెవి మెలిపెట్టి, "అయ్యోరు నడుం ఇరిగిపోద్దిరా ఎదవా!" అనేది. ఉప్పుమొగ పిల్లలు చదువుకున్నది చదువు మీద ప్రేమతో కాదు, అయ్యోరి నడుం మీద జాలితో.

ఇద్దరయ్యారు.

ఇంతలో జాతర వచ్చింది. మొగ బయట పెద్ద ఓడ ఒకటి లంగరేసింది. ఒడ్డున చిన్న పడవ వచ్చి ఆగింది. ఆ ఓడకి వైద్యుడు కావాలట, వస్తే రమ్మన్నారు. ఊరంతా గంగమ్మ గుడిసె ముందు కూడింది. గవరయ్య పెట్టె పక్కన పెట్టుకుని నిలబడ్డాడు.

కన్నెమ్మ లేచి, "ఈడు మావోడు" అంది. ఎర్రమ్మ లేచి, "ఈడు మావోడు" అంది. మూడో మనిషి లేవలేదు.

ఎందుకు లేవలేదంటారా? గవరయ్య అంటే ఇష్టం లేక కాదు. లేవబోయిన ప్రతివాడూ దాలయ్య మొహం చూశాడు. ఆ మొహం బిగుసుకుపోయి, పళ్ళు నూరుతూ, కళ్ళెర్రజేసి భయంకరంగా ఉంది. పెద్దకి ఎంత కోపంగా ఉందో అనుకుని లేచినవాడు లేచినట్టే కూర్చున్నాడు. అది కోపం కాదని ఒక్కరికీ తెలియదు.

గవరయ్య కాసేపు చూశాడు. ఎవరూ లేవకపోయేసరికి గంట తీసి పోలమ్మ చేతికిచ్చాడు. పెట్టె భుజానికెత్తుకుని పడవ వైపు నడిచాడు. పోలమ్మ గుక్కపెట్టి ఏడ్చింది. గవరయ్యకి నీళ్ళలో చేపలు కనబడలేదు, గోనెసంచులు కనబడ్డాయి. పడవలో ఒక కాలు పెట్టాడు. రెండో కాలు ఇసక మీద నుంచి లేవనంటోంది.

పొమ్మన్నవాడిని ఊరి పెద్దే నీళ్ళ దాకా సాగనంపాలి, అదీ కట్టుబాటే. దాలయ్య కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చి మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాడు. అప్పుడు వచ్చింది ఒక అల. మామూలు అలే. కాళ్ళు లాగేసింది. దాలయ్య తూలి, వెళ్ళి వెళ్ళి పడవ అంచు మీద చతికిలబడ్డాడు.

ఆయన వేసిన కేకకి ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి.

గవరయ్య పడవలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "బాబూ, ఎన్నాళ్ళయింది?" అన్నాడు మెల్లగా.

"ఏటి?" అన్నాడు దాలయ్య ఏడుపు దిగమింగుతూ.

"తమరు కూర్చుని."

ఇంకేముంది, గుట్టు రట్టయింది. కూర్చునే చోట సెగ్గడ్డ. కోయాల్సి వస్తుందన్న భయంతో కన్నతల్లికి కూడా చెప్పలేదు. కోసే మనిషి ఊళ్ళో ఉంటే ఎప్పటికైనా కోస్తాడని, గవరయ్య పోతే బాగుండునని చూశాడు. కన్నెమ్మ వచ్చి కొడుకుని చెవి పట్టుకుని ఇసక మీద బోర్లా పడుకోబెట్టింది. నలుగురూ తెరచాప తెచ్చి అడ్డం పట్టారు. గవరయ్య ఉప్పునీళ్ళు మరగబెట్టి, కత్తి కడిగి, నిప్పుల మీద కాల్చాడు.

దాలయ్యకి ఆఖరి ఆశ ఒకటి మిగిలింది. "ఆగు! నీ కట్టుబాటు నాకు తెలీదనుకున్నావేటి? ముందు నీకు తగలాల!"

"అవును బాబూ" అని గవరయ్య ఎడమ చెయ్యి చాచాడు.

"సేతి మీద కాదు! నాకెక్కడో నీకూ అక్కడే!" అన్నాడు దాలయ్య. ఇక వీడు పెట్టె సర్దుకుంటాడులే అనుకున్నాడు.

గవరయ్య ఆలోచించాడు. న్యాయమే అనిపించింది. అయితే తన వెనక తను ఎలా కోసుకుంటాడు?

"ఇలా తే ఆ కత్తి" అంది కన్నెమ్మ. "పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి సేపలు కోస్తన్నాను, ఇదో పెద్ద పనా?"

గవరయ్య వెళ్ళి దాలయ్య పక్కనే బోర్లా పడుకున్నాడు. కన్నెమ్మ కోసింది. చిన్న గీటు చాలు, ఆవిడ అలవాటు కొద్దీ కాస్త లోతుగానే కోసింది. గవరయ్య కెవ్వుమన్నాడు. ఆ తరవాత లేచి, ఒక చేత్తో తన వెనక పట్టుకుని, రెండో చేత్తో దాలయ్య సెగ్గడ్డ కోశాడు. చీమూ నెత్తురూ పోయాయి. ఇన్నాళ్ళ సలుపు ఒక్క నిట్టూర్పులో దిగిపోయింది. పసుపు, తేనె అద్ది కట్టు కట్టాడు.

బోర్లా పడుకున్న దాలయ్యకి కళ్ళెదుట గవరయ్య ఎడమ చెయ్యి కనబడింది. మణికట్టు నుంచి భుజం దాకా గీట్లే. పాతవి, కొత్తవి, ఒకదాని మీద ఒకటి. వేలు పెట్టడానికి ఖాళీ చోటు లేదు.

"ఇయ్యన్నీ ఏటి?"

"మీలాంటివాళ్ళే బాబూ. ఒక్కొక్కరికీ ఒక్కో గీటు."

అంత పొడుగు మనిషి ఇసకలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నొప్పికి మాత్రం కాదు. తరవాత తెరచాప వెనక నుంచే కేకేశాడు. "ఒరే, ఇనండర్రా! ఈడు మావోడు! ఆ పడవని పొమ్మనండి. ఆ కత్తి మాత్రం మాది కాదు, దాన్ని ఆ ఓడెక్కించీండి!"

ముగ్గురయ్యారు. పడవ వెళ్ళిపోయింది. కత్తి వెళ్ళలేదు, కన్నెమ్మ దాచేసింది. ఆ రాత్రి జాతర విందులో ఊరంతా బంతుల్లో కూర్చుని తింటే, ఇద్దరు మాత్రం పక్కపక్కన నిలబడి తిన్నారు.

తరవాత ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి. కన్నెమ్మ పోయింది. పోలమ్మ పెద్దదై, తనే గంట కొట్టి బడి నడుపుతోంది. గవరయ్య ముసలివాడై, మంచానపడ్డాడు. ఆయన మందు ఆయనకే కాయాల్సి వచ్చింది. పోలమ్మ కుండ నిండా కషాయం కాచి, ముంతలో పోసి తెచ్చింది.

దాలయ్య కర్ర పోటేసుకుంటూ వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "ఆగవే! ముందు నాను, తరవాత అయ్యోరు" అన్నాడు. చేదంటే పారిపోయే మనిషి ముంత ఎత్తి ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టాడు. ఎర్రమ్మ, "మరి నానో?" అంది. ఆవిడా ఒక గుక్క తాగింది. తరవాత పోలమ్మ. తరవాత దాని పిల్లలు. తరవాత వలలవాళ్ళు. ఊరంతా వరసకట్టింది. ముందు నాను, ముందు నాను అంటూ ఒక్కొక్కరే తాగి ఒక్కొక్కరే మొహం ముడిచారు. ముంత అయిపోయింది, కుండ అయిపోయింది. తీరా గవరయ్య దగ్గరికి వచ్చేసరికి అడుగున మడ్డి తప్ప ఏమీ మిగల్లేదు.

గవరయ్య కుండలోకి చూశాడు. వాళ్ళందరి మొహాలూ చూశాడు. అప్పుడు నవ్వాడు. మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. నవ్వీ నవ్వీ అలిసిపోయి, పోలమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది మాత్రం ఓడ ఆచారమేరా" అన్నాడు. "ముందు నేను, తరవాత మీరు."

ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, "తొందరేం లేదు" అన్నాడు.

అంతే, కన్ను మూశాడు. గోనె ఊసు ఎవరూ ఎత్తలేదు. పిల్లలు అక్షరాలు దిద్దే చోటికి ఎగువన, అల అందని దిబ్బ మీద ఆయన్ని పడుకోబెట్టారు. కట్టుబాటు ప్రకారం మావోడనడానికి ముగ్గుర్ని లెమ్మన్నాడు దాలయ్య. ఊరంతా లేచింది.

ఇప్పటికీ ఉప్పుమొగలో పిల్లకి మందు పోయాలంటే తల్లి ముందు ఒక చుక్క నాలిక మీద వేసుకుంటుంది. బళ్ళో గుంజీలంటే అయ్యోరే ముందు తీయాలి. కడుపునొప్పని పొరపాటున అన్నారో, ఇంటివాళ్ళు తాగి, పక్కింటివాళ్ళు తాగి, అప్పుడు మీకిస్తారు. కాసేపటికి వీధి వీధంతా దిబ్బల వైపు పరిగెడుతుంది. అందుకే మీకు ముందే చెప్పాను.

ఇక జాతరనాడు కుండెడు కషాయం కాచి దిబ్బ మీదికి తెస్తారు. పసివాళ్ళ దగ్గర్నుంచి పండుముసలి దాకా తలా ఒక గుక్క తాగి, మొహం ముడుచుకుని, ఒకరి మొహం చూసి ఒకరు నవ్వుకుంటారు. అయితే ఇప్పుడు కుండ ఖాళీ చేయరు. ఒక్క గుక్క మిగులుస్తారు. ఊళ్ళోకెల్లా పెద్ద వయసువారు దాన్ని ఇసక మీద పోసి, "ఇది నీ వంతు అయ్యోరూ. నువ్వు ముందెళ్ళినావు, తరవాత మేమూ వస్తాం" అంటారు.

అప్పుడు పిల్లలంతా గట్టిగా అరుస్తారు. "తొందరేం లేదు!"